ఆ ప్రోటాన్ ఎవరిది

తెలంగాణ ఉద్యమం రోజులు. బంద్ నాడు, మధ్యాహ్నానికైనా బస్సులు వదులుతారేమోనని ఎల్‌బీ నగర్‌లో బస్టాపు దగ్గర కూర్చున్నాను. మెడలో ఉద్యమ కండువాతో పక్కనున్న పెద్దాయన "ఏ ఊరు బిడ్డా మీది?" అన్నాడు.

నేను పుట్టి పెరిగింది దిల్‌సుఖ్‌నగర్‌లోనే. కానీ ఎవరడిగినా నాన్న ఊరు చెప్పడం మా ఇంటి అలవాటు. "గుంటూరండీ" అనేశాను. అన్నాక ఆయన కండువా వైపు చూశాను.

ఆయన నా ఒళ్లోని గ్రాఫు కాగితం వైపు చూశాడు. "గిదేంది?"

మాట మారితే చాలనుకుని నా పరిశోధన గురించి గబగబా చెప్పాను. అణువులో ఒక ప్రోటాన్ ఒక పరమాణువును గట్టిగా పట్టుకుని, పక్క పరమాణువుతో హైడ్రోజన్ బంధం కలుపుకుని ఉంటుంది. కాంతి పడగానే పక్కదాని దగ్గరికి వెళ్లిపోతుంది, మళ్లీ వెనక్కి వస్తుంది. అణువు వెదజల్లే వెలుగు రంగు మారితే, అది దాటిందని మాకు తెలుస్తుంది.

"మరి అది ఎవలది?"

"ఎక్కడుంటే వాళ్లదండీ."

"గట్లెట్ల? దాన్ని అడిగిన్రా ఎవలన్న?"

నేను గ్రాఫు మడిచేశాను. ఆయన నవ్వలేదు, కోప్పడనూ లేదు. "ఎండొస్తున్నది, జర ఇటు జరుగు" అని నీడలో చోటిచ్చాడు.

థీసిస్ ఎప్పుడో పూర్తయింది. ఇప్పటికీ ఎవరైనా మీది ఏ ఊరని అడిగితే, బస్సేదో రావాల్సి ఉన్నట్టు రోడ్డు వైపు చూస్తాను.