లోపం ముందే చూపించాను

మా నాన్నకు గద్వాలలో చీరల కొట్టు ఉండేది. ఆయన మాకు నేర్పిన మొదటి పాఠం ఒకటే. చీరలో తెగిన పోగు ఉంటే, గిరాకీ కంట పడకముందే మనమే వేలు పెట్టి చూపించాలి. అప్పుడు నమ్మకం కుదురుతుంది, బేరం మన చేతిలో ఉంటుంది. నాకది ఎంత ఒంటబట్టిందంటే, పెళ్ళిచూపుల్లో నా పన్ను మీద పన్ను నేనే చూపించాను. "నువ్వు చూపియ్యకుంటే నాకు కనవడకపోవు," అంటాడు మా ఆయన ఇప్పటికీ.

మా చెల్లికి పదహారో ఏట పెదవి పక్కన తెల్లమచ్చ మొదలై మెడదాకా పాకింది. అంతకుముందు మా కొట్టులో చీర కొంగు భుజాన వేసుకుని, అద్దం ముందు నిలబడి చూపించేది తనే. మచ్చ వచ్చాక తనే వెనక్కి జరిగింది. మేమూ పిలవలేదు. నాన్న పోయి కొట్టు మూతపడ్డాక, వనపర్తిలో కొత్తగా తెరిచిన చీరల షాపులో మనుషులు కావాలని తెలిసి వెళ్తానంది. కౌంటర్ పనే కావాలంది.

బస్సు పెబ్బేరు దాటాక, "అక్కా, ఆడ నువ్వు నోరు తెర్వకు," అంది.

"మూగదాని లెక్క కూసుంట."

"నువ్వా? ఫ్రీ బస్సుల గూడ కిటికీ సీటుకు బేరమాడినవ్."

మేనేజర్ మర్యాదస్తుడే. రెండు చీరలిచ్చి తేడా చెప్పమన్నాడు. నూలూ పట్టు అంచూ కలిసే చోట చెల్లి వేలితో రాసి చూసింది. "ఇది మగ్గం మీదిది సార్. గిది పవర్‌లూమ్‌ది." ఆయన తలెత్తి తన ముఖం చూశాడు. పెన్ను మూత తీశాడు, మళ్ళీ పెట్టాడు.

ఆ మౌనం నాకు బాగా తెలుసనుకున్నాను. లేచి వెళ్ళిపోబోయే గిరాకీ మౌనం.

"దాపరికమేం లేదు సార్," అంటూ చెల్లి గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పాను. "మచ్చలున్నయి. అంటుకునేటివి కావు. బయట నిలవెట్టకున్నా సరే, లోపల మడతలు వెట్టే పనికన్న తీస్కోండ్రి."

ఆయన ముఖం తేలికపడింది. "అట్లయితే ఇబ్బంది లేదమ్మా. లోపల పెడదాం."

బేరం గెలిచాననుకున్నాను. బయటికొచ్చి మిర్చిబజ్జీల బండి దగ్గర ఆగాను కూడా.

"ఆయన ఇంకా వద్దనలే గదక్కా," అంది చెల్లి, నా వైపు చూడకుండా. "నువ్వే తక్కువ జేసినవ్."

ఇది జరిగి రెండేళ్ళు. మొన్న ఆ షాపుకెళ్తే మేనేజర్ గుర్తుపట్టాడు. కౌంటర్ పిల్లలకు మగ్గం చీర గురించి చెప్పడం రావడం లేదని వాపోయాడు.

"మా చెల్లికి చెప్పొచ్చు గద సార్."

"ఆ రోజు కౌంటర్‌కే పెడుదునేమో. మీరే లోపల అన్నరు గదమ్మా."

నిజమో, పెద్దమనిషి మాటో తెలియదు.

"ఇప్పుడన్న పెట్టండ్రి."

"అడిగిన. నాకు లోపలనే మంచిగుంది అన్నది."

అంతలో వెనక గది తెర కదిలింది. మడతపెట్టిన చీర అందిస్తూ చెల్లి చెయ్యి బయటికొచ్చింది. కౌంటర్ అమ్మాయి చీర అందుకుంది. చెయ్యి లోపలికి వెళ్ళిపోయింది.