మాస్టారి బఠాణీలు

కారు నేర్పే మాస్టారి జేబు ఎప్పుడూ వేయించిన బఠాణీలతో ఉబ్బి ఉంటుంది. పక్క సీట్లో ఆయన కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంది. ఎదురుగా లారీ వచ్చిందంటే నేర్చుకునేవాళ్ళు స్టీరింగును పట్టుకుని వేలాడతారు. అప్పుడు ఆయన దవడలు జోరందుకుంటాయి, కణతల దగ్గర నరాలు లేచి పడుతుంటాయి, మాట మాత్రం మెత్తగానే వస్తుంది. మధ్యాహ్నానికల్లా పొట్లం ఖాళీ. ఇంటికెళ్ళి ఆకలి లేకపోయినా రెండోసారి అన్నం పెట్టించుకుని గబగబా తింటాడు. "ఎవరైనా తరుముతున్నారా ఏంటండీ?" అంటుంది భార్య. "నోరు ఆడుతుంటేనే కాలు ఊరుకుంటుందే. ప్రతిదానికీ నేనే బ్రేకు తొక్కేస్తే వాళ్ళెప్పుడు నేర్చుకుంటారు?" అంటాడాయన.

ఈ రోజు స్టీరింగు ముందు కూర్చున్నది కూతురు. పొట్ట తగ్గించమని డాక్టరు చెప్పాడు కదా అని ఎక్కగానే పొట్లం లాగేసుకుంది. నాలుగు రోడ్ల కూడలిలో పక్కనుంచి బస్సు దూసుకొచ్చింది. మాస్టారి పళ్ళు ఉత్తినే నూరుకున్నాయి. కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. కారు పెద్ద కుదుపుతో ఆగింది. వెనక హారన్లు మోత మొదలుపెట్టాయి. "నేను అప్పటికే తొక్కాను నాన్నా," అంది కూతురు. ఆయన మెడ మీద చెమట తుడుచుకున్నాడే గానీ ఆమె వైపు చూడలేదు. కాలూ తియ్యలేదు. ఆమె పొట్లం తీసి ఆయన ఒళ్ళో పెట్టింది. "తిను. కాలు మాత్రం తియ్యి."