భుజం మీద తువ్వాలు

గుంటూరు దగ్గర ఖాళీ మిర్చి గోడౌన్‌లో కొత్త తరహా నాటకం వేస్తున్నారంటే విశాఖ నుంచి వెళ్లాను. అక్కడ కుర్చీలు లేవు. ప్రేక్షకులందరినీ గోనెపట్టాల మీద కూర్చోబెట్టి మిరపకాయల తొడిమలు తీయమన్నారు. ఒక నటుడు నా భుజాన తువ్వాలు వేసి, "మేస్త్రీ మీరే. వీళ్లచేత పని చేయించండి" అన్నాడు.

మొదట నవ్వొచ్చింది. కాసేపటికి గొంతు దానంతటదే లేచింది. నాలాగే నాటకం చూడ్డానికొచ్చి ఎదురుగా కూర్చున్న ఒక పెద్దావిణ్ని, "చేతులు పడిపోయాయా? తినడానికి మాత్రం ముందుంటారు" అన్నాను. ఆ మాటలు నాకెవరూ రాసివ్వలేదు. ఆవిడ తల వంచుకుని గబగబా తొడిమలు తీసింది. నాకు ఇంకా ఉత్సాహం వచ్చింది.

నాటకం అయ్యాక ఆవిడ దగ్గరికి వెళ్లి, "ఏమీ అనుకోకండి, నాటకం కదా" అన్నాను.

"నేనేం అనుకుంటానండీ. ఇరవై ఏళ్లబట్టి మిర్చి యార్డులో ఇదే పని చేస్తన్నా. మా మేస్త్రీ ఎన్ని తిట్టినా తిండి మాట మాత్రం ఎత్తడండీ." చేతులు దులుపుకుంటూ అడిగింది. "మీరేం చేస్తుంటారండీ?"

"టీచర్ని. మూడో తరగతికి చెబుతాను."



"పాపం, చిన్నపిల్లలు కదండీ" అంది.

తువ్వాలు ఇంకా నా భుజం మీదే ఉంది.