పక్కింటామె కాగితం

మా ఆఫీసులో ఏసీ ఎప్పుడూ వణుకు పుట్టించేంత చల్లగా ఉంటుంది. అయినా పోయిన వారం నా పక్క సీట్లో కొత్తగా చేరిన ఆవిడ లేచి వెళ్లి, చేతిరుమాలు తడుపుకొచ్చి మెడ మీద వేసుకుంది. తడిసిన నూలుబట్ట వాసన నా దాకా వచ్చింది. అంతే, నేను చదువుతున్న కేసు షీటు కళ్ల ముందే ఉండి కూడా కనబడలేదు. బయ్యారం దగ్గర మా తండాలో, ఎర్ర దుమ్ము పేరుకున్న మా గడప మీద, మా అమ్మ మెడకు తడి తువ్వాలు చుట్టుకుని కూర్చున్న మధ్యాహ్నాలన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి. వాటి వెనకే సరోజన సిస్టర్ గొంతు. "చెప్పినవా బిడ్డా, ఆమెకు?" నేను ఇన్నేళ్లుగా తప్పించుకు తిరుగుతున్నది ఆ ప్రశ్న నుంచే.

అమెరికా ఆసుపత్రుల్లో చేరిన రోగులకు చేసిన ఆపరేషన్ల వివరాలు చదివి, ఒక్కోదానికి ఏడు గడుల కోడ్ రాయడం నా ఉద్యోగం. రెండో గడిలో శరీరంలోని ఏ వ్యవస్థో రాయాలి, మూడో గడిలో అక్కడ చేసిన పని ఏమిటో, నాలుగో గడిలో ఏ భాగమో. ఈ పని నాకు నేర్పింది జనగామలో విత్తనాల దుకాణం మీద, రెండు గదుల కోచింగ్ సెంటర్‌లో సరోజన సిస్టర్. ఆమెది భూపాలపల్లి. ఇరవై ఏళ్లు ఆపరేషన్ థియేటర్లో నర్సుగా నిలబడి నిలబడి నడుము పోయింది. భర్త బొగ్గుబావి పని మానేశాక, కూతురి ఇంటికని జనగామ వచ్చి మాకు పాఠాలు చెప్పడానికి కుదిరింది. పొట్టి మనిషి. చీర మీద ఎడమవైపు నర్సుల గడియారం తలకిందులుగా వేలాడుతూ ఉండేది. ఆపరేషన్ల పేర్లు తప్ప ఆమెకు వేరే ఇంగ్లీషు రాదు. అవి కూడా ఆమె నోట్లో మన మాటలైపోయేవి. రఘునాథపల్లి నుంచి వచ్చి హాస్టల్లో ఉండే రజిత ఆమెను అనుకరిస్తుంటే మేమంతా నవ్వేవాళ్లం. సినిమాల్లో మా మాటను వెక్కిరిస్తే కోపం తెచ్చుకునే రోజులవి, రోడ్డు మీద రాష్ట్రం కోసం నినాదాలు ఇచ్చే రోజులవి. అయినా ఆ గదిలో ఆమె మాటకు నవ్వడం మాకు తప్పనిపించలేదు. దాచుకుని నవలలు చదివేదాన్ని కదా, నా తెలుగు ఆమె తెలుగు కంటే ఒక మెట్టు పైనుందని నాకు లోపల గర్వం కూడా ఉండేది.

ఆమె పుస్తకంతో మొదలుపెట్టేది కాదు. "ముందు పెయ్యి, తర్వాత పుస్తకం" అనేది. పొద్దున క్లాసులోకి రాగానే ఆ వారం పాఠం ఏ వ్యవస్థో ఆ చోట అందరం చెయ్యి పెట్టుకోవాలి. గుండె వారంలో గుండె మీద, ఊపిరి వారంలో పక్కటెముకల మీద. వేళ్ల కింద ఏముందో, దాని కింద ఏముందో, కత్తి అక్కడికి ఏ దారిన వెళ్తుందో చెప్పాలి. ఇంకో నియమం ఆమె రోజూ చెప్పేది. "డాక్టరు పైన పెద్దక్షరాలతోని ఏం రాసిండో సూసి మోసపోకుండ్రి. గది వట్టి పేరు. కత్తి లోపల ఏం చేసిందో కింద ఉంటది. గది చదువుండ్రి." ఆపరేషన్ పేరు చూసి కోడ్ రాసినవాళ్ల కాగితం ఆమె చదవకుండానే తిరిగిచ్చేది.

నాకు పేజీ శుభ్రంగా ఉండాలి. డైరీ రాసే అలవాటు వల్ల కావచ్చు, కొట్టివేత కనబడితే నాకు నిద్ర పట్టదు. అందుకని సంచిలో ఎప్పుడూ ఒక వైట్‌నర్ సీసా ఉండేది. ఒకరోజు తప్పు కోడ్ మీద దాన్ని పూస్తుంటే సిస్టర్ వెనక నుంచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "దవాఖాన కాగితానికి సున్నమేస్తున్నవా మంజులా?" అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. సీసా లాక్కుని తన బ్యాగులో వేసుకుంది. "తప్పు రాస్తే దాని మీద ఒక్క గీత గియ్యి. కిందిది కనబడాలె. పైన సక్కంగ రాయి. పక్కన సంతకం, తేదీ. తేదీ అంటే తప్పు చేసిన దినం కాదు, దిద్దిన దినం." ఆ సాయంత్రం డైరీలో ఆ మాటలు యథాతథంగా రాసుకున్నాను. రాసుకున్నవన్నీ నేర్చుకున్నట్టేనని అప్పట్లో నా నమ్మకం.

బంద్ రోజుల్లో సెంటర్‌కు తాళం పడేది. హాస్టల్లో ఉండే మేం నలుగురం గదిలో పడుకుని ఉంటే, ఒకరోజు సిస్టరే వచ్చి మమ్మల్ని లేపుకుపోయింది. హైదరాబాద్ రోడ్డు మీద వంటావార్పు. రోడ్డుకు అడ్డంగా రాళ్ల పొయ్యిలు, పెద్ద పెద్ద డేగిసాలు, బతుకమ్మ పాటలు. ఆమె కొంగు నడుముకు దోపుకుని కోళ్లు కోసేవాళ్ల దగ్గర కూర్చుంది.

"సిస్టర్, ఇయ్యాల క్లాసు లేదు గదా?" అంది రజిత ఆశగా.

"ఎందుకు లేదు? కోడి ఉన్నది, కత్తి ఉన్నది, మీరున్నరు." ఆమె కోడి కార్జంలోంచి చిన్న ముక్క కోసి చూపించింది. "భాగంల ఒక ముక్క తీసిన. ఏమంటరు?"

"ఎక్సిషన్."

తర్వాత చేదు పగలకుండా పిత్తసంచిని వేలికొసతో నెమ్మదిగా ఊడదీసి అరచేతిలో పెట్టుకుంది. "ఇది మొత్తం తీసిన. ఏం మిగల్లే. ఇప్పుడు?"

"రిసెక్షన్."

పొయ్యి దగ్గర గరిటె పట్టుకున్నాయన కేకేశాడు. "అక్కా, నీ పాఠం అయ్యేదాకా మా కూర ఉడకదా ఏంది?"

"ఆగు తమ్మీ. రాష్ట్రం కోసం ఇన్నేండ్లు ఆగినవు, కోడి కోసం పది నిమిషాలు ఆగలేవా?"

రోడ్డంతా నవ్వింది. ముక్క తీయడానికీ మొత్తం తీయడానికీ ఉన్న తేడా నాకు ఆరోజు అరచేతిలో కనబడింది. ఇప్పటికీ ఆ కోడ్ రాసేటప్పుడు నాకు ఆ పచ్చటి చిన్న సంచే గుర్తొస్తుంది.

ఆ తర్వాతి వారం ఆడవాళ్ల పునరుత్పత్తి వ్యవస్థ. పొత్తికడుపు మీద చెయ్యి పెట్టుకోమంటే నేను తల దించుకుని పుస్తకం మీద పెట్టుకున్నాను. సిస్టర్ అది చూసింది. "మీ ఇండ్లళ్ల గర్భసంచి ఆపరేషన్ అయినోళ్లు ఎందరున్నరు?" అని అడిగింది. ముందు రజిత చెయ్యెత్తింది. ఒకటొకటిగా ఆరు చేతులు లేచాయి. నేను ఎత్తలేదు. "వాళ్ల కాగితాలు పట్టుకరాండ్రి. అమెరికోళ్లయి తర్వాత, ముందు మనయి చదువుదాం" అంది.

మా ఊళ్లల్లో ఏ ఇంట్లో చూసినా ఆసుపత్రి కాగితాలు ప్లాస్టిక్ కవర్లో చుట్టి, బట్టల పెట్టె అడుగున ఉంటాయి. ఎవరూ చదవరు, ఎవరూ పారేయరు. ఆదివారం ఇంటికి వెళ్లి అమ్మకు చెప్పకుండా ఆమె కాగితం తీసుకొచ్చాను. క్లాసులో సిస్టర్ చెయ్యి చాపి "ఎవరిది బిడ్డా?" అన్నప్పుడు, రెండో ఆలోచన లేకుండా నా నోటి నుంచి వచ్చింది.

"మా పక్కింటామెది."

ఎందుకన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. అమ్మ కడుపు గురించి పదిమందిలో చదవడం సిగ్గు అనిపించింది. తండా నుంచి వచ్చినదాన్నని అందరికీ తెలుసు, ఇది కూడా తెలియాలా అనిపించింది. సిస్టర్ కాగితం బయటికి చదివింది. పైన పెద్దక్షరాలతో గర్భసంచి తీశామని ఉంది. కింద, వంకర చేతిరాతలో, రెండు అండాశయాలు కూడా పూర్తిగా తీశామని ఉంది. ఎందుకు తీశారో ఎక్కడా లేదు.

"ఎన్ని కోడ్లు?" అంది.

"గర్భసంచికి ఒకటి, అండాశయాలకు ఇంకోటి" అన్నాను. సరైన జవాబే. ఆమె మెచ్చుకోలేదు. కాగితం మీద పేరు, వయసు మళ్లీ చదివింది.

"కమ్లి. ముప్పై రెండేండ్లకే. ఐదేండ్లాయె. ఈమెకు ఒళ్లంత ఆవిర్లు లేస్తున్నయా? నిద్ర పడతదా? నడుము, కీళ్లు నొస్తున్నయంటదా?"

"నాకు తెలువదు సిస్టర్."

నాకు తెలుసు. చలికాలంలో కూడా అమ్మ బావి దగ్గరికి పోయి తల మీద నీళ్లు గుమ్మరించుకునేది. మిరప తోటలో కూలికి పోయి సగం రోజుకే వచ్చేసేది. ఊరికే ఏడ్చేది. తండాలో ఆమెకు గాలి సోకిందన్నారు, తర్వాత పిచ్చి పట్టిందన్నారు. నాయిన పనిదొంగ అన్నాడు. నేను పుస్తకం చదువుకుంటుంటే పక్కన మూలిగిందని ఒకసారి, "నాటకాలు ఆపు యాడీ" అన్నాను. మా భాషలో యాడి అంటే అమ్మ. ఆ తర్వాత నేను ఇంట్లో ఉన్నప్పుడు ఆమె బయటికి వెళ్లి మూలిగేది.

"గామెకు చెప్పాలె బిడ్డా" అంది సిస్టర్ క్లాసు అయ్యాక నన్ను ఆపి. "ఏం తీసిన్రో ఆమెకు తెలిసి ఉండదు. మానుకోటల మంచి డాక్టరమ్మకు చూపియ్యాలె. ఎముకలు గుల్లబారుతయి. దీనికి మందులున్నయి."

అలాగే అన్నాను. ఆ రోజు డైరీలో, "ఈరోజు పక్కింటామె కాగితం చదివాం. రెండు కోడ్లు సరిగ్గా చెప్పాను" అని రాశాను. నేను తప్ప ఎవరూ తెరవని పుస్తకంలో కూడా అబద్ధమే రాశాను.

వారం తర్వాత ఆమె అడిగింది. "చెప్పినవా బిడ్డా, ఆమెకు?" చెప్పానన్నాను. "ఏమన్నది?" పోతానన్నదన్నాను. పది రోజులకు మళ్లీ అడిగింది. "పోయిందా?" పోయిందన్నాను. "ఏం గోలీలు రాసిన్రు?" గుర్తు లేదన్నాను. ఆమె నా ముఖంలోకి చూసి పుస్తకం తెరిచింది. నిజం చెప్పాలంటే ముందు ఆ కాగితం మా అమ్మదని ఒప్పుకోవాలి. ఇంటికి వెళ్లి అమ్మకు చెప్పాలంటే ముందు నేనన్న మాట వెనక్కి తీసుకోవాలి. రెండూ నాకు చేతకాలేదు.

సకల జనుల సమ్మెలో బస్సులు ఆగిపోయాయి. సెంటర్ మూసేశారు, నేను తండాకు వచ్చేశాను. ఒక మధ్యాహ్నం గడప మీద అమ్మ తడి తువ్వాలుతో కూర్చుని ఉంది. నేను లోపల చదువుకుంటున్నాను. బయట పిల్లల గోల, వాళ్ల మధ్య ఒక గొంతు. "కమ్లి ఇల్లు ఇదేనా?" సిస్టర్! మధ్యలో పట్టాల మీద జనం కూర్చుని ఆపేసిన రైల్లో మానుకోట దాకా వచ్చి, అక్కడి నుంచి ఆటోలో బయ్యారం చేరి, నడుముకు బెల్టు కట్టుకుని ఎండలో తండా దాకా నడిచి వచ్చింది. నేను తలుపు వెనక్కి జరిగాను.

"నేనే కమ్లిని. ఎవరక్కా నువ్వు?" అంది అమ్మ.

"జనగామ నుంచి వచ్చిన. పిల్లలకు దవాఖాన చదువు చెప్తా."

అమ్మ ముఖం వెలిగిపోయింది. "మా మంజుల చెప్పే సిస్టరువా! మంజులా, రాయే, మీ మేడమొచ్చింది! మంజుల నా బిడ్డే అక్కా."

నేను బయటికి రాక తప్పలేదు. సిస్టర్ నన్ను చూసింది. ఆ చూపులో కోపం లేదు. కోపమైతే నేను తట్టుకునేదాన్ని. ఆ మనిషికి విషయం మొత్తం ఒక్క క్షణంలో అర్థమైపోయింది, పైన రాసిన పేరూ కింద ఉన్న నిజమూ. ఇప్పుడు అంటుంది, అమ్మ ముందు అంటుంది అని నేను ఎదురుచూశాను. ఆమె చెంబుడు నీళ్లు తాగి, అమ్మ పక్కన గడప మీదే కూర్చుంది.

"నీ బిడ్డనే పంపింది నన్ను. నీ కాగితం చదివి పరేషాన్ అయింది. తన నోటితోని చెప్పనీకి భయమైందట. అందుకే నేనొచ్చిన."

తర్వాత అమ్మ చెయ్యి తీసుకుని, పొత్తికడుపు మీద పెట్టించి, లోపల ఏముండేదో, ఏం తీశారో, అది లేకపోతే ఒంట్లో మంట ఎందుకు లేస్తుందో, మాకు చెప్పినట్టే చెప్పింది. అమ్మ కదలకుండా వింది. డాక్టర్ల మీద తిట్లు వస్తాయనుకున్నాను. అమ్మ ఒకటే అడిగింది.

"అయితే అక్కా, నాది నాటకం కాదన్నట్టే గదా?"

"కాదు చెల్లె. ఎవలన్నరు నాటకమని?"

అమ్మ నా వైపు చూడలేదు. "ఎవలో అన్నరు తియ్యి" అంది.

ఒకే గడప మీద కూర్చుని ఇద్దరూ నా తప్పును దాచారు. నేను గోడకు ఆనుకుని నిలబడి దాన్ని దాచనిచ్చాను.

మర్నాడు సిస్టరే అమ్మను మానుకోట తీసుకుపోయింది. మందులతో అమ్మకు నిద్ర తిరిగి వచ్చింది. సెంటర్ మళ్లీ తెరిచాక సిస్టర్ ఆ సంగతి ఎత్తలేదు. నాకు పాఠం ఎప్పటిలాగే చెప్పింది, కాకపోతే ఇంకెప్పుడూ "చెప్పినవా" అని అడగలేదు. నాకు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. ఆమె భూపాలపల్లి వెళ్లిపోయింది. రాష్ట్రం వచ్చిన రోజు ధైర్యం చేసి ఫోన్ చేశాను. అవతల పటాకులు, డప్పులు. "సిస్టర్, ఆ కాగితం గురించి..." అన్నాను. "ఏం వినబడ్తలేదు బిడ్డా, తర్వాత చెయ్యి!" అని ఆమె అరిచింది. ఆ తర్వాత చేయలేదు. భూపాలపల్లికి హైదరాబాద్ నుంచి రోజూ బస్సుంది.

ఆఫీసులో నేను జాగ్రత్తగా చదివే మనిషినంటారు. పేరు చూసి మోసపోనని అంటారు. ఆ మెప్పు విన్న ప్రతిసారీ నా చెవులు వేడెక్కుతాయి. నాకు వచ్చిన ఆ ఒక్క విద్యా ఎవరిదో, దాన్ని మొదట ఎవరి కోసం వాడకుండా దాచుకున్నానో నాకు తెలుసు.

తడి రుమాలు చూసిన రోజు ఇంటికి వచ్చి పాత డైరీ తీశాను. ఆ పేజీ ఎప్పటిలాగే శుభ్రంగా ఉంది. "పక్కింటామె" అన్న మాట మీద ఒక్క గీత గీశాను, కిందిది కనబడేలా. పైన "మా అమ్మ" అని రాశాను. పక్కన సంతకం పెట్టి తేదీ వేశాను. తప్పు చేసిన రోజుది కాదు, దిద్దిన రోజుది. ఎన్నేళ్లు పట్టిందో ఎవరు చూసినా లెక్క తెలుస్తుంది.