ముందు కరెంటు తీస్తే

ఆఫీసులో అందరూ ఆవిడను మొండిఘటం అంటారు. ఆవిడకూ ఆ పేరంటే ఇష్టమే. కొట్లలో వాడే ఎలక్ట్రానిక్ కాటాను కంప్యూటర్‌తో మాట్లాడించే డ్రైవర్ కోడ్ ఆవిడ చేతి పనే.

ఆ రోజు మేనేజరు దాన్ని సగానికి సగం కోసేసి, మురిసిపోతూ వచ్చాడు.

"డ్రైవర్‌ను కంప్యూటర్‌లోంచి తీసేసేటప్పుడు సర్దాల్సినవన్నీ ఇక సిస్టమే చూసుకుంటుందమ్మా. నువ్వు ఓకే కొట్టు చాలు."

ఆవిడ చదివి తల అడ్డంగా ఊపింది.

"అన్నీ ఎక్కడ సార్? బరువు మారినప్పుడల్లా కాటా పంపే పిలుపులు ఆపే పని సిస్టమ్‌కి అప్పజెప్పారు. కాటాకి కరెంటు తీసే పని మాత్రం మన కోడ్‌లోనే ఉంచారు. మన కోడ్ అయ్యాకే సిస్టమ్ సర్దడం మొదలుపెడుతుంది. అంటే పిలుపులు ఇంకా వస్తుండగానే కరెంటు పోతుంది. పిలుపు అందుకుని బరువు చదవబోయిన కంప్యూటర్ అక్కడే ఇరుక్కుపోతుంది. ఇంట్లో మనుషులు పనిలో ఉండగా మెయిన్ ఆపేస్తారా? ఇస్తే రెండూ దానికే ఇవ్వండి, లేదంటే రెండూ నాకే వదిలేయండి."

"పొద్దుటి నుంచి బానే నడుస్తోందిగా. ఊరికే రాద్ధాంతం చేయకు."

"ఖాళీ కాటా కాబట్టి నడిచింది. చెయ్యి పెట్టి నొక్కుతూ ఉండండి."

ఆయన నవ్వుతూ పళ్ళెం మీద చెయ్యి వేసి నొక్కాడు. ఆవిడ డ్రైవర్‌ను తీసేసింది. కంప్యూటర్ ఉన్నపళంగా బిగుసుకుపోయింది.

"కొట్లో ఎవరమ్మా ఇలా నొక్కేది?" అన్నాడాయన గొంతు తగ్గించి.

"కాటా ఉన్నదే బరువు పెట్టడానికి సార్."

"సరే, నా పేరు మీదే కొట్లకి పంపిస్తాను."

"పంపండి. ఫిర్యాదు ఫోన్లు కూడా మీ పేరు మీదే వస్తాయి. నేను మాత్రం ఓకే కొట్టను."

ఆయన చెయ్యి తీసేశాడు. తెర మీద ఆ చేతి బరువు మాత్రం అలాగే ఉండిపోయింది.