సగటుగారూ, నా ఒక్కగానొక్క తప్పూ

మా ప్రొఫెసరుగారు జన్మలో ఏ ఒక్కదాన్నీ చూసి ఏమీ చెప్పలేదు. కనీసం పదివేలు చూపిస్తే తప్ప ఆయన నోరు పెగలదు. అందుకే ఆయనకు మేము సగటుగారని పేరు పెట్టుకున్నాం.

తప్పు ఆయనది కాదు లెండి, నక్షత్రాలది. పుట్టిన కొత్తలో నక్షత్రం బుద్ధిగా తన గెలాక్సీ కేంద్రం చుట్టూ తిరుగుతుంది. వయసు మీదపడేకొద్దీ దారిలో తగిలిన వాయుమేఘాలన్నీ అటూ ఇటూ లాగి దాని నడక చెడగొడతాయి. అలాగని ఏ ఒక్కదాని నడకా చూసి వయసు చెప్పలేం. వేలకొద్దీ కలిపి లెక్క కడితేనే తేలుతుంది. ముప్పై ఏళ్ళు ఆ లెక్కలే కట్టి కట్టి, ఆయన ఇంట్లోనూ అలాగే తయారయ్యారు.

"కూరలో ఉప్పు సరిపోయిందా?" అని వాళ్ళావిడ అడిగితే, "ఒక్క ముద్దకి ఎలా చెప్తామే?" అంటారు. గిన్నె ఖాళీ చేశాక, "కాస్త ఎక్కువైంది," అంటారు. ఆవిడ గరిటె ఎత్తడం నేను కళ్ళారా చూశాను.

ఆయన దగ్గర మూడేళ్ళు పనిచేశాక నేనూ ఒక ఘనకార్యం చేశాను. మనం సూర్యుడితోపాటు కదులుతూ చూస్తాం కనక, నక్షత్రాల వేగాల్లోంచి మన సూర్యుడి వేగాన్ని ఒకసారి తీసెయ్యాలి. నేను రెండుసార్లు తీసేశాను. దాంతో నక్షత్రాలన్నీ కట్టగట్టుకుని ఒకే దిక్కుకు కొట్టుకుపోయాయి. ఆ సంగతి నిండు సభలో బయటపడింది.

మర్నాడు డైరెక్టరుగారు మా ఇద్దర్నీ పిలిచారు.

"ఇంత తప్పు చేసే అమ్మాయి మనకెందుకండీ? పంపించేద్దాం."

ఆ పని తప్ప నాకు వేరే లోకం లేదు.

సగటుగారు కళ్ళజోడు తుడుచుకుని, "ఒక్కదాన్ని చూసి ఎలా చెప్తామండీ?" అన్నారు.

"మళ్ళీ మొదలెట్టారూ!"

"ఈ అమ్మాయి ఇప్పటిదాకా నాలుగువందల పన్నెండు లెక్కలు చేసింది. తప్పింది ఇదొక్కటే." సంచీలోంచి లావుపాటి కాగితాల కట్ట తీసి బల్లమీద పెట్టారు. అన్నీ నా లెక్కలే. ప్రతిదాని పక్కనా ఆయన పెన్సిలుతో మళ్ళీ కట్టి చూసుకున్న లెక్క. "నేను పట్టుకోలేకపోయిందీ ఇదొక్కటే. మరి నన్నూ పంపించేస్తారా?"

డైరెక్టరుగారు కట్టనీ, ఆయన్నీ మార్చి మార్చి చూసి, "సరే, ఉండనివ్వండి మహానుభావా!" అని దణ్ణం పెట్టేశారు.

బయటికొచ్చాక నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. "పదివేలుంటే గానీ దేన్నీ చూడరు కదా సార్! నా ఒక్కదాని కోసం మూడేళ్ళు కూర్చున్నారా?"

"కూర్చుంటే మాత్రం ఏం లాభం? నీ గురించి ఇంకా ఏమీ తేలలేదు," అన్నారు విసుగ్గా. "తొమ్మిదివేల అయిదువందల ఎనభై ఎనిమిది మిగిలున్నాయి. పో, పని చూసుకో!"