గొట్టంలో పాలు విరిగిన ఆదివారం

డ్రిప్ పైపులు నా బతుకుతెరువు. డిప్లొమా అయ్యాక రాచర్ల, గిద్దలూరు చుట్టుపక్కల బత్తాయి తోటలకూ మిరప చేలకూ పైపులు వేయడం, అవి పూడుకుంటే వెళ్లి తెరవడం చేస్తున్నాను. పక్షవాతం వచ్చి మింగలేకపోయిన మా నాయనకు పొట్టకు రంధ్రం చేసి నేరుగా కడుపులోకి గొట్టం పెట్టాలని డాక్టరు చెప్పినప్పుడు, అమ్మ ఏడుస్తుంటే నేను కొలతలు అడిగాను. సైజు ఇరవై ఫ్రెంచ్. మూడు ఫ్రెంచ్‌లు ఒక మిల్లీమీటరు. అంటే వ్యాసం ఆరున్నర మిల్లీమీటర్ల పైచిలుకు. కడుపు లోపల ఒక బిళ్ల, బయట చర్మం మీద ఒక బిళ్ల, మధ్యలో పొట్ట గోడ. ఆ బిగింపు చూసి నాకు ముచ్చటేసింది.

నాయనకు వేయలేదు. ముక్కులో పెట్టిన గొట్టాన్ని రెండుసార్లు పీకేసుకున్న మనిషి. దీనికి ఒప్పుకునే ముందు వంకరపోయిన నోటితో ఒకటే మాట చెప్పాడు.

"ఒక్కసారే కోయిచ్చుకుంటా. ఇంకోసారి అంటే నన్ను ఇట్లనే వదిలెయ్యండి."

ఆయన ఉత్త మాటలు చెప్పడు.

గొట్టం పెట్టించుకొని ఇంటికి వచ్చేటప్పుడు నర్సు చెప్పిన జాగ్రత్తలను కాగితం మీద రాసి మంచం పక్క గోడకు అంటించాను. ఒకటి, గొట్టం చుట్టూ ఎర్రబడినా చీము పట్టినా ఫోన్ చేయాలి. రెండు, గొట్టంలో పోసే పాలు పక్క నుంచి కారుతుంటే పోయడం ఆపాలి. మూడు, గొట్టం ఊడితే రంధ్రం గంటల్లోనే మూసుకుపోతుంది కాబట్టి వెంటనే బయలుదేరాలి, ఇంట్లో ఎవరూ తిరిగి దూర్చకూడదు. నాలుగు, పూడుకుంటే. ఈ నాలుగో దాని ఎదురుగా మాత్రం నర్సు చెప్పింది రాయలేదు. 'నేను చూసుకుంటా' అని రాశాను.

మూడు వారాలు సాఫీగా గడిచాయి. మా చర్చిలో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది, ఏసు జ్ఞాపకంగా అందరికీ రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. నాయన అప్పటికే నాలుగు నెలలుగా అవి తీసుకోలేదు. ఆ దిగులు ఆకలి కంటే పెద్దదని అమ్మకు తెలుసు. పాస్టరుగారిని అడిగింది.

"రొట్టె ఎట్లాగూ మింగలేడు. రసం గొట్టంలో పోస్తే తప్పేముందమ్మా? నోరు చేసినాయనే గదా కడుపునూ చేసింది," అన్నాడాయన.

అమ్మ నా వైపు చూసింది. నేను వెంటనే సరేనన్నాను. మా నీళ్లలో ఉప్పు ఎక్కువ. డ్రిప్ లైన్లు తెల్లగా గడ్డకట్టి పూడుకుంటే యాసిడ్ పంపి కడుగుతాం. ద్రాక్షరసం పులుపే కదా, గొట్టం శుభ్రమవుతుందనుకున్నాను. అమ్మతో ఆ మాట గొప్పగా చెప్పాను కూడా.

ఆ ఆదివారం ఆరాధన ముగించుకొని పాస్టరుగారు అనుకున్నదానికంటే ముందే వచ్చాడు. గొర్రెలు కాసుకునే మా మేనమామ వెంట ఉన్నాడు. అమ్మ అప్పుడే పాలు పోయడం ముగించింది. పాల తరువాత యాభై మిల్లీలీటర్ల నీళ్లు పోయాలి.

"ఉండనీలేమ్మా, రసంతోనే కడిగినట్టయితాది," అన్నాను.

పాస్టరుగారు ప్రార్థన చేసి, పెద్ద సిరంజిలో చిన్న గిన్నెడు రసం పోశాడు. ఎర్రటి గీత గొట్టంలో జానెడు దిగి ఆగిపోయింది. దాని కింద తెల్లటి ముద్దలు. పాలలో నిమ్మకాయ పిండినట్టు విరిగిపోయాయి.

"ఏంది అల్లుడూ, దిగలేదే?" అన్నాడు మామ.

నాయన తల వంచి గొట్టాన్ని చూశాడు, తరువాత నన్ను చూశాడు. "మళ్ల కోస్తారా?"

నర్సుకు ఫోన్ చేశాను. పుల్లలు పెట్టొద్దు, చిన్న సిరంజి వాడొద్దు, గోరువెచ్చటి నీళ్లతో మెల్లగా తోస్తూ లాగుతూ ఉండు, గంటలో తెరుచుకోకపోతే తీసుకురా అంది. మార్చాల్సి వస్తే, రంధ్రం ఇంకా గట్టిపడలేదు కాబట్టి మళ్లీ మొదటి నుంచే కోయాలంది. ఆ చివరి మాట నాయనకు చెప్పలేదు.

"గొర్రెపిల్లల పాలసీసా పీక పూడుకుంటే మేం పుల్లతో పొడుస్తాం," అన్నాడు మామ, చీపురు వైపు చూస్తూ.

"పుల్ల పెడితే గొట్టం చిరుగుతాది మామా."

"అయితే ఆ సన్న సిరంజితో గట్టిగా కొట్టు."

"సన్నదాంట్లో ఒత్తిడి ఎక్కువ. గొట్టం పగులుతాది."

"నీ లెక్కలు నాకెందుకప్పా, బావ మొగం చూడు!"

నేను చూడలేదు. పెద్ద సిరంజికే తోసే పిడి బిగించాను. ముందు లాగాను. రసమూ, జొన్నగింజంత ముద్ద ఒకటీ వచ్చాయి. నీళ్లు పంపాను, లాగాను. గొట్టాన్ని రెండు వేళ్ల మధ్య నలిపాను. క్లిప్పు వేసి పది నిమిషాలు ఆగాను. మళ్లీ మొదలు.

"అందరం ప్రార్థన చేద్దామా?" అన్నాడు పాస్టరుగారు.

"చేయండి అయ్యగారూ, మెల్లగ. వాడు లెక్కబెడుతుండాడు," అంది అమ్మ.

మూడోసారి, పిడి కింద ఏదో మెత్తగా జారింది. పైపులో గడ్డ కదిలినప్పుడు చేతికి తెలిసే జారుడు అది. పిడి తీసేసి, సిరంజిలో యాభై గీత దాకా నీళ్లు పోసి ఎత్తి పట్టుకున్నాను. అమ్మ కళ్లు చికిలించి గీతలు చదివింది. "నలభై ఎనిమిది... నలభై అయిదు... ముప్పై! దిగుతాందిరా!"

"బోరు పడింది రోయ్!" అని మామ వీధి దాకా వినపడేలా అరిచాడు. నేనూ అరిచాను. ఎన్ని తోటల్లో నీళ్లు పారించినా, ఇంత ఆనందం ఎప్పుడూ కలగలేదు.

నాయన మాత్రం నవ్వలేదు. "నా రసం పోయిందా, లేదా?"

నేను లాగిందంతా గిన్నెలో ఉంది. కొంచెమైనా లోపలికి పోయిందని చెప్పొచ్చు. చెప్పలేకపోయాను. "పోలేదు నాయనా. మొత్తం వెనక్కి వచ్చింది. తప్పు నాదే."

పాస్టరుగారు సీసా అడుగున మిగిలినది చూపించాడు. రెండు చెంచాలు కూడా ఉండదు. ఈసారి గొట్టంలో తెలుపు కనపడనంతవరకూ నీళ్లు పోశాను. అరగంట ఆగాం, ఎవరూ కదలలేదు. తరువాత రసం. వెంటనే నీళ్లు. నాయన చొక్కా తానే పైకెత్తి, ఆ ఎర్రటి గీత బిళ్ల కింద మాయమయ్యేదాకా చూశాడు.

"అందినాది," అన్నాడు.

తరువాత పనిచేసే ఎడమ చెయ్యి లేపి గోడ మీది కాగితాన్ని చూపించాడు. "ఆ నాలుగోది కొట్టెయ్యి. నర్సు చెప్పింది రాయి."

కొట్టేసి, రాశాను.